గేదెల పాకలో జిగురు అట్టలు

మా తమ్ముడి కూతురు దోమల ఉద్యోగంలో చేరిందని తెలిసిన రోజు మా తోడికోడలు నవ్విన నవ్వు కాలువ ఇవతలికి వినపడింది. "ఏమే, ఇంత చదువూ చదివించి మీ తమ్ముడు పిల్లని దోమలు తోలుకోమని పంపించాడా?" అంది. ఆవిడ మా బావగారి భార్య, నాకంటే పెద్దది. నేను అక్కయ్యా అంటాను. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, శుభ్రం పిచ్చి ఆ రెండింటికంటే పెద్దది. ఆవిడ తోమిన గిన్నెలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

మాది పామర్రు నుంచి కాస్త లోపలికి, కాలువ గట్టున ఉన్న ఊరు. అన్నదమ్ములు వేరు పడ్డాక మేము పాత ఇంట్లో ఉండిపోయాం. అక్కయ్య వాళ్ళు అవతలి ఒడ్డున ఇల్లు కట్టుకున్నారు. మధ్యలో సన్నటి సిమెంటు వంతెన. పొద్దున్నే నా పెరట్లో నిలబడి గొంతెత్తి పిలిస్తే ఆవిడ తన పెరట్లోంచి పలుకుతుంది. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా మా ఇద్దరికీ అదే అలవాటు.

మా మేనకోడలి ఆఫీసు విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద. అక్కడ ఏం చేస్తారో నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆ పిల్లకి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. తను నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"మగదోమల్లో లోపల ఒక చిన్న మార్పు చేస్తారు అత్తయ్యా. వాటిని వదిలితే అవి వెళ్ళి మామూలు ఆడదోమలతో కలుస్తాయి. వాటికి పుట్టే ఆడ దోమపిల్లలు బతకవు. అలా అలా దోమలు తగ్గుతాయి. డెంగ్యూలూ గట్రా తగ్గుతాయి."

"మరి ఆ వదిలినవి మనల్ని పీక్కు తినవూ?"

"మగవి కుట్టవు."

వసారాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన గొంతు సవరించుకుని, "విన్నావా? మగవి కుట్టవట," అన్నారు నా వైపు చూసి.

"బానే ఉంది సంబడం. అయితే ఇంకేం, వదిలెయ్యండి," అన్నాను నేను.

"వదిలెయ్యొచ్చు. కానీ మందు కొడితే రేపు మానెయ్యొచ్చు అత్తయ్యా. ఇవి ప్రాణమున్నవి. వదిలాక మళ్ళీ రమ్మంటే రావు. అందుకే ముందే చూడాలి. ఎంత దూరం పోతాయి? వాటిని తిన్న చేపకీ బల్లికీ తూనీగకీ ఏమన్నా అవుతుందా? ఈ దోమ పోతే ఆ ఖాళీలోకి ఇంకో దోమ వచ్చి కూర్చుంటుందా? ఇవన్నీ చూసి, ఏది ఎంత ప్రమాదమో చెప్పడమే మా పని. దోమల్ని తయారుచేసేది వేరే వాళ్ళు. వదలాలా వద్దా అని తేల్చేది ఇంకా పై వాళ్ళు."

ఆ మాటకి నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. నా చిన్నప్పుడు మలేరియా వాళ్ళు వీపున పంపులు తగిలించుకుని మా ఊరొచ్చేవారు. ఇంట్లో సామానంతా బయట పడేయించి గోడలకి మందు కొట్టేవారు. ఆ వాసన పెట్టె అడుగున మడిచి దాచిన చీరలకి కూడా పట్టేది. ఆ మర్నాడు గోడల మీంచి బల్లులు రాలాయి. మా అమ్మ పెంచుకునే కోళ్ళు రాలిన పురుగుల్ని ఏరుకు తిని, ఆ తర్వాత మెడలు వాల్చేశాయి. మందు వల్లేనో, ఆ ఏడు తెగులేదన్నా తగిలిందో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. అడిగిన వాళ్ళు లేరు. మా అమ్మ మాత్రం పొదిగే పెట్ట కూర్చున్న గంప దగ్గర చాలాసేపు నిలబడి, తర్వాత గంప తిరగేసి గోడకి తగిలించేసింది. ముందుగా వచ్చి కోళ్ళ సంగతి కూడా అడిగే ఉద్యోగం ఒకటుంటుందని, అందులో నా మేనకోడలు ఉంటుందని ఆ రోజు ఎవరన్నా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

"మంచి పనే," అన్నాను.

"మంచి పనే కానీ ఉంచుతారో లేదో తెలీదు. నాది పర్మనెంటు కాదు. నాకు ఒప్పజెప్పిన మొదటి పని ఇదే. ఇది సరిగ్గా తేల్చి చూపిస్తే ఉంచుకుంటారు. లేదంటే సర్దుకోవడమే," అని కాయల తట్టలోంచి ఒక గింజ నోట్లో వేసుకుంది.

ఆ పని ఏమిటంటే మా ఊరే. చుట్టూ వరి మళ్ళు, ఒక పక్కన కాలువ. దోమ పెద్దగా ఎగిరే పురుగు కాదు. కాబట్టి ఇలాంటి ఊళ్ళో వదిలితే అది ఊళ్ళోనే ఉండిపోతుందా, కాలువ దాటి అవతలికి పోతుందా? అది తెలిస్తేనే తర్వాత ఎక్కడన్నా ఆ మార్చిన దోమల్ని వదలొచ్చో లేదో ఆలోచిస్తారట. దాని కోసం మామూలు మగదోమల్నే, మా ఊరి దోమ గుడ్లు తీసుకెళ్ళి పెంచినవాటినే, రంగు పొడి చల్లి వదిలి చూస్తారు.

ఊళ్ళో అందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి ఈ మాటే చెప్పింది. వాళ్ళ పెద్ద సారు కూడా వచ్చాడు గానీ మాట్లాడింది ఈ పిల్లే. చేపల చెరువులున్న ఆయన లేచి, "రేపు నిజంగా ఆ మార్చినవి వదిలితే, మా చేపపిల్లలు తింటే ఏమవుద్దమ్మా?" అని అడిగాడు.  ఏమీ కాదండీ అనేస్తే సరిపోయేది. ఆ పిల్ల అలా అనలేదు.

"ఇప్పటివరకూ చూసినంతలో ఏమీ కాకూడదండీ. కానీ మీ చెరువు చేపతో ఇంకా చూడలేదు. చూడకుండా నేను మాటివ్వలేను. చూశాక వచ్చి చెబుతాను."

ఆయన కూర్చున్నాడు. "తెలీదు అని చెప్పిన ఆఫీసోళ్ళని ఇదే చూడటం," అన్నాడు పక్కాయనతో. ఆ తర్వాత ఎవరూ అడ్డం చెప్పలేదు.

రెండు ఒడ్డుల మీదా కొన్ని కొన్ని ఇళ్ళలో నల్ల బకెట్లు పెట్టారు. లోపల చీకటిగా చల్లగా ఉంటుంది, అడుగున కాసిని నీళ్ళు. నీడ కోసం దోమ వచ్చి లోపల వాలితే, చుట్టూ తొడిగిన జిగురు అట్టకి అంటుకుపోతుంది. అట్ట మీద వాన జల్లు పడితే మార్చడానికని ప్రతి ఇంట్లో ఒక కట్ట కొత్త అట్టలు కూడా ఇచ్చి వెళ్ళారు.

వదిలిన రోజు పొద్దున మేమంతా మా వైపు గట్టు మీదే ఉన్నాం. వల గుడ్డతో కుట్టిన పంజరంలో దోమలు. వాటి మీద గులాబీ రంగు పొడి మెత్తగా చల్లి ఉంది. వెలుతురులో చూస్తే చిన్న చిన్న నిప్పురవ్వల్లా ఉన్నాయి. మా ఆయన వంగి చూసి, "అన్నీ మగవే కదూ? పెళ్ళికొడుకుల్ని చేశావే అమ్మాయ్!" అన్నారు. ఆ పిల్ల గుడ్డ ముడి విప్పింది. పెళ్ళికొడుకులు ఎటు పోయారో మాకు కనపడలేదు.

అప్పటి నుంచి వారం వారం వచ్చేది. వచ్చినప్పుడల్లా దిగడం మా ఇంట్లోనే. మా ఇంట్లో ఆ పిల్ల చుట్టం కాదు కాబట్టి, వచ్చీ రాగానే చెప్పులు విడిచి నేరుగా పెరట్లోకి పోయి బకెట్టులో తల పెట్టేది. అట్ట నిండా దోమలు, మధ్య మధ్య గులాబీ చుక్కలు. చీకటి మూల నీలం లైటు వేస్తే ఆ చుక్కలు మెరిసేవి. నాకు కూడా చూపించేది.

అవతలి ఒడ్డు సంగతి వేరు. అది మేనత్త తోడికోడలి ఇల్లు. అక్కడికి ఊరికే దూరిపోతే ఏం బాగుంటుంది? చెప్పా పెట్టకుండా ఒకళ్ళ గడప తొక్కకూడదని వాళ్ళమ్మ, అదే మా మరదలు, ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. అందుకని ముందు రోజే ఫోను చేసేది. "పెద్దత్తయ్యా, రేపు వస్తున్నాను, బకెట్టు చూసుకుని పోతాను." అక్కయ్య, "రా తల్లీ, దానికి అడగాలా?" అనేది. వెళ్ళేసరికి వాకిలి కడిగి ముగ్గేసి, సాంబ్రాణి వాసనతో ఇల్లు గుడిలా ఉండేది. బకెట్టులో అట్ట తెల్లగా ఉండేది. ఎప్పుడన్నా ఒకటీ అరా మామూలు దోమ. గులాబీ చుక్క ఒక్కటీ లేదు. ఆ వరసలో మిగిలిన ఇళ్ళలోనూ అంతే.

"అవతల గాలెక్కువ, దోమలే తక్కువ అనుకుంటా అత్తయ్యా. ఒక్కటి కూడా కాలవ దాటలేదు," అని సంతోషపడేది. సంతోషంలో కూడా నొసలు కొంచెం ముడిపడేది. అంత తెల్లగా ఉండటం ఆ పిల్లకే ఎక్కడో నచ్చలేదనుకుంటాను. నేను మాత్రం ఆ పిల్ల ఉద్యోగం నిలిచిందని అప్పుడే పాయసానికి బియ్యం ఏరుకున్నంత పని చేశాను.

పని ముగిసింది. కాలువ దాటవు అని అంతా రాసేసింది. మర్నాడు సారు ఊరొచ్చి ఒకసారి స్వయంగా చూసుకుని సంతకం పెట్టడమే తరువాయి. ఆ పిల్ల ముందు రోజు మధ్యాహ్నమే వచ్చేసింది. సరిగ్గా అప్పుడే అవతలి పెరట్లోంచి కేక.

"ఏమేవ్! గేదె ఈనింది! దూడ పుట్టిందే! జున్ను పొయ్యి మీదుంది, రండి!"

అక్కయ్య జున్నంటే బెల్లం, మిరియాలు, ఏలకులు అన్నీ సరిగ్గా పడాలి. వేడి తగ్గకముందే తినాలి. ఇద్దరం ఉన్నవాళ్ళం ఉన్నట్టు వంతెన దాటేశాం. ఆ పిల్ల ఆ ఇంటికి ఫోను చెయ్యకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

"నువ్వెప్పుడొచ్చావే? చెప్పనేలేదు! ఇల్లంతా చెత్తగా ఉంది," అని అక్కయ్య కంగారుపడి కొంగుతో అరుగు తుడిచేసింది.

"నాకు ఇల్లొద్దు పెద్దత్తయ్యా, దూడని చూపించు," అని ఆ పిల్ల పాకలోకి దూరింది. వెనకే మేము.

పాకలో చీకటిగా, పచ్చిగడ్డి వాసనతో వెచ్చగా ఉంది. గేదె దూడని నాకుతోంది. దూడ నిలబడబోయి కూలబడి, మళ్ళీ నిలబడబోతోంది. నేను దాన్నే చూస్తున్నాను. నా పక్కన ఆ పిల్ల చూపు పైకి పోయింది. వాసానికి వరసగా పురికొసలతో కట్టి జిగురు అట్టలు వేలాడుతున్నాయి. వాటి నిండా ఈగలు.

"ఇవేంటి పెద్దత్తయ్యా?"

"నువ్విచ్చినవేగా! పాతవి. గేదె కళ్ళ మీద ఈగలు ముసురుతుంటే ఇక్కడ కట్టాను. భలే పట్టేస్తున్నాయిలే. బంగారం లాంటి జిగురు, పారేస్తామా?"

"పాతవంటే?"

"నువ్వొచ్చే ముందు రోజు మారుస్తాను కదా, ఆ తీసినవి."

"వాన పడిందా?"

"వానెందుకు పడుతుంది? నువ్వొస్తున్నావని. ఆఫీసు పిల్లవి వచ్చి చూస్తుంటే, మా ఇంట్లో దోమలున్నాయని ఎదురుగా పెట్టి చూపించనా? చుట్టం వస్తుంటే మాసిన దుప్పటి పరుస్తామా ఏంటి? ఈ పక్క వాళ్ళకి కూడా చెప్పాను, రేపు అమ్మాయి వస్తోంది, మార్చుకోండర్రా అని. వాళ్ళు పొయ్యిలో పడేశారు పిచ్చోళ్ళు. నేను దాచాను."

ఆ పిల్ల చేతిసంచీలోంచి నీలం లైటు తీసి పైకి వేసింది. ఈగల మధ్య, గడ్డిపరకల మధ్య, ఒక్కొక్క అట్ట మీద ఒకటి, రెండు, అక్కడొకటి. గులాబీ చుక్కలు. చక్కగా మెరుస్తున్నాయి.

అక్కయ్య ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. మనిషి చురుకైనదే, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "అయ్యో తల్లీ. అవేనా? నీ పెళ్ళికొడుకులు?"

"అవే."

"నా మూలంగా నీ ఉద్యోగం..."

"ముందు జున్ను పెట్టు పెద్దత్తయ్యా, చల్లారిపోతుంది," అని ఆ పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుంది. కంచంలో జున్ను వణుకుతోంది. ఆ పిల్ల తిన్నది. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నది.

తిరిగొస్తూ వంతెన మీద ఆగింది. కింద నీళ్ళు గుర్రపుడెక్క మొక్కల్ని మోసుకుంటూ నెమ్మదిగా పోతున్నాయి.

"దాటవు అని రాసేశాను అత్తయ్యా."

"మరి దాటాయిగా."

"దాటాయి. చెప్పక తప్పదు, చెప్పేస్తాను. ఒక పంట కాలమంతా వృథా చేశావంటారు, అనుకోనీ. పెద్దత్తయ్య పేరు రాకుండా ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. సారు ముందు ఆవిడ తల దించుకోకూడదు."

 ఆ పిల్ల వీపు మీద చెయ్యేసి ఇంటికి తీసుకొచ్చాను.

మర్నాడు సారు మా వసారాలో కూర్చుని ఇంకా కాఫీ పట్టుకోనన్నా లేదు, వంతెన మీద అక్కయ్య కనపడింది. పట్టుచీర, కొప్పులో పువ్వులు. ఒక చేతిలో జున్ను గిన్నె, రెండో చేతిలో పురికొసలతో సహా జిగురు అట్టల గుత్తి. మా ఆయన, "వదినగారు పేరంటానికి ఎక్కడికో బయల్దేరినట్టున్నారు," అన్నారు. ఆవిడ వచ్చి అట్టలు సారు ముందు బల్ల మీద పెట్టింది.

"తప్పు పిల్లది కాదండీ. అట్టలు మార్చింది నేను. మా వరసలో అందరి చేతా మార్పించింది కూడా నేనే. చుట్టం వస్తుంటే ఇల్లు సర్దుకోమా? మీ ఇంట్లో అయితే సర్దుకోరా? మీరే చెప్పండి. పిల్ల ఫోను చేసి రావడం దాని మర్యాద, మేం శుభ్రం చేసుకోవడం మా మర్యాద. ఈ రెండు మర్యాదల మధ్యనా దోమలు పోయాయండీ. ఇవిగో."

ఆ పిల్ల లేచి నిలబడింది. సారు ఆ పిల్ల వైపు చూశాడు. "మీకు తెలుసా?"

"నిన్న మధ్యాహ్నం తెలిసింది సార్. మీకు చెప్పాలనే ఉన్నాను."

ఆయన అట్టలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. వసారా మూల చీకట్లోకి తీసుకెళ్ళి లైటు వేసుకున్నాడు.  మా ఆయన పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నారు.

"లెక్కకి పనికిరావు ఇవి," అన్నాడు చివరికి. "బకెట్టులో పడ్డాయో, పాకలో కట్టాక పడ్డాయో మనకి తెలీదు."

"అవును సార్. కానీ బకెట్టైనా పాకైనా అవతలి ఒడ్డే. ఎన్ని దాటాయో చెప్పలేను. దాటాయని మాత్రం చెప్పగలను."

"ఎలా దాటాయి? ఎగిరా?"

"అది కూడా తెలీదు సార్. పొద్దున్నే ఇవతలి గట్టు మీద గడ్డి కోసి మోపులు అవతలికి మోసుకెళ్తారు. గడ్డిలో నీడకి కూర్చుని పోయాయేమో. ఊహే. చూడాలి."

సారు జున్ను గిన్నె మూత తీశాడు. కాస్త కంచంలో వేసుకుని, ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మిరియం తగిలినట్టుంది.

"అమ్మగారూ, ఇవి మీరు పొయ్యిలో వేసి ఉంటే నేను ఇవాళ సంతకం పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. తర్వాత ఎక్కడో నిజంగా వదిలేవాళ్ళు, కాలవ ఉంది కదా అనే ధైర్యంతో." ఆ పిల్ల వైపు తిరిగాడు. "మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి. గడ్డి మోపులు కూడా చూడాలి."

"ఎవరు సార్?" అని అడిగింది ఆ పిల్ల. 

"ఇంకెవరు? మీరే. ఈ వానాకాలమంతా ఇక్కడే. కాకపోతే ముందు ఒకటి నేర్చుకోండి. ఫోను చెయ్యకుండా వెళ్ళడం."

అక్కయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకాస్త వేసుకోండి," అని సారు కంచంలో సగం గిన్నె వంచేసింది.

ఇప్పుడు రెండోసారి జరుగుతోంది. మళ్ళీ పొడి, మళ్ళీ పెళ్ళికొడుకులు, ఈసారి పసుపు రంగు. ఆ పిల్ల ఎప్పుడొస్తుందో నాకు కూడా చెప్పదు. పామర్రులో బస్సు దిగి, ఆటో ఎక్కి, మొదట వంతెన దాటి అవతలికే పోతుంది. మా మరదలు ఫోనులో, "ఆవిడేమనుకుంటుందో, చెప్పకుండా పోవడమేంటి?" అని బాధపడుతోంది. మొదట్లో అక్కయ్య కూడా నానా అవస్థా పడింది. వాకిట్లో కిర్రుమని గేటు చప్పుడైతే చాలు, నలిగిన చీరలో నిలబడి, తోమని అంట్లకి అడ్డంగా చేతులు చాచేది. రోజూ పట్టుచీర కట్టుకుని కూర్చోలేదు కదా పాపం.

అలవాటైపోయింది. అలవాటే కాదు, ఇప్పుడు ఆవిడకి బకెట్టంటే గర్వం. పొద్దున్నే తనే తొంగి చూసుకుంటుంది, ముట్టుకోదు. పక్కింటావిడ అట్టలో తక్కువ పడితే, "మీ ఇంట్లో నీడ చాలదమ్మా," అని జాలిపడుతుంది. గడ్డి మోపు దింపే చోట ఒక బకెట్టు అదనంగా పెట్టించుకుంది. చెరువాయన చేపపిల్లల సంగతి కూడా ఈ వానాకాలంలోనే చూస్తారట. ఆఖరికి కాలువ సంగతేమని తేలుతుందో, ఆ మార్చిన దోమల్ని ఎక్కడన్నా వదులుతారో వదలరో, మాకెవరికీ తెలీదు.

ఇందాక నేను ఇది రాసుకుంటూ పెరట్లో కూర్చున్నానా, అవతలి నుంచి కేక వచ్చింది.

"ఏమేవ్! మా అట్ట మీద పసుపుది పడిందే! మీ వైపేమన్నా ఉన్నాయా?"

"ముట్టుకోకు అక్కయ్యా!" అని అరిచాను.

"నేనెందుకు ముట్టుకుంటానే! చూడ్డానికి రా!"

వెళ్ళాలి. జున్ను లేదు గానీ, మజ్జిగైనా ఇస్తుంది.